కుడి నుంచి చదివిన రాగన్న

ఇప్పుడు కాస్త కూర్చుని రాయగలుగుతున్నాను. అలాగని నాకు బాగైపోయిందని ఎవరూ అనుకోవద్దు. బాగయ్యే జబ్బు కాదు నాది. గండం గడిచిందని చుట్టాలు అంటుంటారు, నేనూ తలాడిస్తాను. గండం ఎక్కడికీ పోలేదు, మా ఇంట్లోనే కాపురం పెట్టింది. మనసు కుదురుగా లేకపోతే మా వీధిలో ఎవరైనా మగ్గంలో కూర్చుంటారు. నాకు ఆ ఓపిక లేదు కనుక కాగితం ముందు కూర్చున్నాను. నడుము నొప్పికి మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఏళ్ల తరబడి మింగే వాళ్లు ఎవరైనా ఇది చదివి ఆ మాత్ర మానేస్తే, ఈ రాత దండగ కాదు.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన మగ్గం నేస్తాడు. మా అమ్మాయి శైలజ డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క తండ్రి పక్కనే రెండో మగ్గం పట్టింది. నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని, ఇంటికొచ్చి వాళ్లిద్దరికీ నూలు కండెలు చుట్టిపెట్టేదాన్ని. పగలంతా నిలబడటం, సాయంత్రమంతా వంగడం. నడుము ఎంతకాలం ఊరుకుంటుంది? అందుకని మా ఇంట్లో ఉప్పు, పప్పు ఎట్లాగో ఆ తెల్ల మాత్ర అట్లాగ ఉండేది. డబ్బా గూట్లో పెట్టేవాళ్లం, అడిగి వేసుకునే పని లేకుండా.

ఎండాకాలం

మొదట పాదాలు ఉబ్బాయి. టీచరమ్మ ఒళ్లు చేసిందని బడిలో ఆటపట్టించారు, నేనూ నవ్వాను. తర్వాత తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. ఎండలు అలాంటివి లే అనుకున్నాను. ఒకరోజు క్లాసులో నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఊపిరి అందక కింద కూర్చుండిపోయాను. పిల్లలు నేను ఆట ఆడుతున్నాననుకున్నారు.

ఆదోనిలో ఆసుపత్రికి వెళ్లాం. బయట బెంచీ మీద పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటినా పేరు పిలవలేదు. కాళ్లు వేలాడేసి కూర్చుంటే చర్మం పగిలిపోయేటట్లు ఉంది. పక్కన ఆస్పరి నుంచి వచ్చినావిడ, ఎవరో ఏమో, తన బట్టల సంచి తెచ్చి నా పాదాల కింద పెట్టింది. ఆ సంచిలో ఆమె కొడుకు బట్టలున్నాయని తర్వాత తెలిసింది. కొడుకు లోపల ఉన్నాడు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, పేరు అడగలేదు.

డాక్టరు నా పరీక్షలు చూసి, ఏమేం మాత్రలు వాడతావని అడిగాడు. చెప్పాను. ఎన్నాళ్ల నుంచి అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. రెండు కిడ్నీలూ పని మానేశాయని, ఇక మిషను మీదే రక్తం శుభ్రం చేయాలని, లేకపోతే ఎవరైనా ఒక కిడ్నీ ఇవ్వాలని చెప్పాడు. ఆ మాటలు నాకు అర్థమయ్యాయి, కానీ నా గురించి అని అర్థం కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారి పొడుగునా నా కొంగు కొస పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లైన కొత్తలో కూడా అట్లా కూర్చోలేదు.

వానలు

మా ఊళ్లో మిషన్లు ఖాళీ లేవు. ఆదోనిలో దొరికింది. వారానికి మూడు సార్లు బస్సెక్కడం, పూటంతా మంచం మీద పడుకోవడం, ఒక గొట్టంలో నా రక్తం బయటికి పోవడం, ఇంకో గొట్టంలో తిరిగి రావడం. నొప్పి ఓర్చుకోవచ్చు. దాహం ఓర్చుకోలేం. మూత్రం రాదు కనుక నీళ్లు తాగకూడదు. బయట వాన పడుతుంటే చూరు నీళ్ల చప్పుడు విని ఏడ్చేదాన్ని. ఇంట్లో బిందె మీద మూత ఎవరు తీసినా నాకు తెలిసేది.

పక్క మంచంలో కౌతాళం పెద్దాయన ఉండేవాడు. వరి రైతు. సగం కన్నడం, సగం తెలుగు. నా పెదాలు చూసి, "తాగొద్దు తల్లీ, నోట్లో పోసుకోని పుక్కిలించి ఉమ్మేయి. కడుపుకు తెలీకుండా నాలికను మోసం చేయల్ల" అన్నాడు. ఆ మోసంతోనే ఆ వానాకాలం గడిపాను. ఒక వారం ఆయన రాలేదు. ఆ మంచంలో ఇంకెవరో పడుకున్నారు. నర్సమ్మను అడిగితే దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. మళ్లీ అడగలేదు. ఆ గదిలో ఎవరూ రెండోసారి అడగరు.

ఆ రోజుల్లోనే షమీమ్ ఆపా మళ్లీ నా బతుకులోకి వచ్చింది. నేను పుట్టింది ఆదోనిలో. మా నాన్న పత్తి మిల్లులో గుమాస్తా, పక్కింట్లో షమీమ్ వాళ్లు. వాళ్ల నాన్నది రద్దీ, అంటే చిత్తు కాగితాల దుకాణం. బొంబాయి నుంచి మూటలు మూటలు పాత పుస్తకాలు వచ్చేవి, పొట్లాలు కట్టడానికి తూకంలో అమ్మేవాళ్లు. ఆపా అంటే అక్క, నాకంటే కొంచెం పెద్దది. ఆదోనిలోనే కాపురం, ఇంటి ముందు గాజుల అంగడి. నా సంగతి ఎవరో చెబితే, అంగడి కోడలికి అప్పజెప్పి టిఫిన్ డబ్బాతో నా మంచం పక్కకు వచ్చి కూర్చుంది. నన్ను గుర్తు పట్టలేక గదంతా ఒకసారి తిరిగి, చివరికి నా ముక్కు చూసి వచ్చిందట. మిగిలినదంతా ఉబ్బిపోయి ఉంది.

చిన్నప్పటి మాటలు మాట్లాడుకుంటుంటే రాగన్న వచ్చాడు.

రాగన్న అంటే బొమ్మల కథల్లో మనిషి. రద్దీ మూటల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలు. ఒళ్లంతా రాగి రంగు, రొమ్ములో చిన్న సూర్యుడు, చుక్కల మధ్య ఒంటరిగా ఎగురుతుంటాడు. వాడి అసలు పేరు మాకు తెలియదు, రాగన్న అని మేమే పెట్టాం. నేను తెలుగు బడిలో చిన్న తరగతి, మాకు ఆరో తరగతి దాకా ఇంగ్లీషు అక్షరాలు లేవు. ఆపా ఉర్దూ బడి, వాళ్లది కుడి నుంచి ఎడమకు రాత. మొదటి రోజే ఆమె పుస్తకాన్ని వెనక అట్ట నుంచి తెరిచి, ప్రతి పేజీలో కుడి బొమ్మ నుంచి ఎడమ బొమ్మకు వేలు పెట్టుకుంటూ పోయింది. మా బడి పుస్తకాలు ఇటు నుంచి కదా అన్నాను. "మీది తెలుగు. ఇది తెలుగు కాదు గదా. తెలుగు కానిది ఇట్లనే సదవల్ల" అంది. ఇంత పక్కాగా చెబితే ఎవరు కాదంటారు? పెద్దది కూడాను.

అలా చదివితే కథ ఇది. మొదట ఒక నల్లటి పేజీ. తర్వాత చీకట్లో రాగన్న పడి ఉంటాడు, రొమ్ములో గుంట. దూరం నుంచి ఒక లోకం వెలుగుతూ కనిపిస్తుంది, దాని నుంచి ఎర్రటి గీతలు వచ్చి వాడి రొమ్ములో కలుస్తాయి. తర్వాత ఇంకో లోకం, ఇంకోటి. ఒక్కొక్కటే వచ్చి వాడి వెలుగు వాడికి ఇచ్చేస్తుంది. రాగన్న లేచి కూర్చుంటాడు, నిలబడతాడు, ఎగురుతాడు. చివరికి ఇల్లు చేరతాడు. వాకిట్లో అమ్మ ఎదురొచ్చి నిలబడి ఉంటుంది. ఆఖరి బొమ్మలో వాడి ముందు అన్నం కంచం. మధ్యలో పేస్టు ప్రకటన వస్తే, పళ్లికిలించే ఆ మనిషిని రాగన్న బావ అనుకున్నాం. దొరకని సంచికల కథ మేమే అల్లుకున్నాం. అన్నీ అయ్యాక రాగన్న అన్నం తిన్నాడు కదా, మాకు అంతే కావాలి.

మంచం పక్కన ఇవన్నీ చెప్పుకుని ఎంత నవ్వామో. నవ్వితే సూది ఉన్న చెయ్యి కదులుతుందని నర్సమ్మ కోప్పడింది. ఆపా అల్లుడు బెంగళూరులో ఉంటాడు. ఆ పాత సంచికలన్నీ కలిపి ఇప్పుడు ఒకటే లావు పుస్తకంగా వేశారట, ఫోనులో వెతికి పట్టుకుంటాడులే అంది.

పత్తి తీసే రోజులు

పుస్తకం రావడానికి ముందు ఇంకో సంగతి జరిగింది. మా ఆయన కిడ్నీ ఇస్తానన్నాడు. పరీక్ష చేస్తే షుగర్ ఉందని తేలింది, పనికిరాదన్నారు. ఆయన ఆ రోజు ఇంటికొచ్చి ఒక గంట నేసి, నేసిన పేకంతా ఊడదీసి, మళ్లీ నేశాడు. ఎందుకని అడిగితే అంచు సరిగా పడలేదన్నాడు. ఆయన అంచు ఏనాడూ తప్పింది లేదు.

ఆ తర్వాత శైలజ మాకు చెప్పకుండా వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. నా రక్తంతో కలిసింది. పిల్ల ఆరోగ్యంగా ఉంది, ఒక్క కిడ్నీతో నిక్షేపంగా బతకొచ్చు, ఎంతోమంది అలా ఇచ్చి సుఖంగా ఉన్నారని డాక్టరు చెప్పాడు. వద్దు తల్లీ, నువ్వెందుకు అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు కదా అమ్మలు. నేను పెట్టుకోలేదు. ఆ మాట విన్న వెంటనే నా మనసులోకి వచ్చింది చెంబెడు నీళ్లు. మళ్లీ చెంబెడు నీళ్లు ఎత్తి గటగటా తాగొచ్చు అనుకున్నాను. కూతురి ముఖం ఆ తర్వాతే కనిపించింది. అంత సంతోషం నాకు పెళ్లికీ లేదు, పిల్ల పుట్టినప్పుడూ లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ వారమే ఆపా పుస్తకం తెచ్చింది. ఇటుక రాయంత బరువు. నున్నటి కాగితం, కొత్తగా దిద్దిన రంగులు, రద్దీ వాసన లేదు. నా ఒక చెయ్యి సూదులతో కట్టేసి ఉంటుంది, రెండో చేతికి అంత బరువు ఆగదు. ఆపానే నా ముఖం ముందు పట్టుకుని పేజీలు తిప్పాలి. ఆమె అలవాటు చొప్పున వెనక అట్ట నుంచి తెరిచింది.

ఇంగ్లీషు ఇటు నుంచి ఆపా, తిప్పి పట్టుకో అన్నాను. జీవితమంతా పిల్లలకు అదే చెప్పిన నోరు.

ముందు నుంచి చదివాం. నేను తెలుగులో చెబుతుంటే ఆమె వింటూ తిప్పింది. మొదటి పేజీలోనే అన్నం కంచం. రాగన్న తిని లేస్తాడు. వాకిట్లో అమ్మ నిలబడి ఉంటుంది. బొమ్మ అదే, మేము చూసిందే, ఒక చెయ్యి తలుపు మీద. ఎదురొచ్చిన అమ్మ అనుకున్నాం కదా. సాగనంపుతున్న అమ్మ అది. ఆ తర్వాత పుస్తకం మొత్తంలో ఆమె ఎక్కడా లేదు. ఆరిపోతున్న లోకాలకు రాగన్న తన రొమ్ములోంచి వెలుగు తీసి ఇస్తూ పోతాడు. ఒక్కొక్కటి వెలుగుతుంటే వీడు నల్లబడతాడు. మా పేస్టు బావ కూడా లేడు, ప్రకటనలన్నీ తీసేశారు. చివరికి వాడు పడిపోతాడు. నల్ల పేజీ. ఇంకా ఏమైనా ఉంటుందేమోనని తిప్పమన్నాను. రంగులు వేయని పెన్సిలు బొమ్మలు కొన్ని, ఆ తర్వాత అట్ట.

ఆపా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మనం చదివిందే బాగుంది అంది. ఈసారి వెనక నుంచి తిప్పుతాను, నువ్వు చూడు అంది. నేను కళ్లు మూసుకున్నాను. అక్షరాలు వచ్చాక ఇక అటు నుంచి చదవలేం. ప్రతి మాటా అడ్డుపడుతుంది.

కళ్లు మూసుకున్నాక చిన్నప్పుడు నేను ఎన్నడూ అడగనిది ఒకటి తోచింది.

"ఆపా, మనం సదివినప్పుడు రాగన్నకు వెలుగు ఇచ్చిన లోకాలు ఏమైనాయి?"

ఆమె కొంచెం ఆలోచించింది. "సీకటైపోయినాయి. నేను అడిగితే నిద్రపోయినాయి అని నువ్వే సెప్పేదానివి."

అవును, అట్లాగే చెప్పేదాన్ని. రాగన్న ఇల్లు చేరితే చాలు, వెనక ఎన్ని లోకాలు ఆరిపోయాయో మేం వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి శైలజ మగ్గంలో ఉంది. దాని నడుముకు ఒక పాత తువ్వాలు బిగించి కట్టుకుంది. కండెల బుట్టలో చెయ్యి పెడితే మాత్రల అట్ట తగిలింది. అదే తెల్ల మాత్ర, సగానికి పైగా ఖాళీ. నాకు జబ్బు వచ్చిన రోజే గూట్లో డబ్బా బయట పారేశాం అనుకున్నాను. అదే నడుము, అదే పని, రక్తం నాది. రేపు దీనికి మిగిలిన ఒకటీ చెడితే రెండోది యాడుంది?

నాకు నీ కిడ్నీ వద్దు అన్నాను. అది మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఆపింది.

మొదట ఊరికే అన్నాననుకుంది. తర్వాత గొంతు పెంచింది. డాక్టరు చెప్పినా నమ్మవా, మాత్రలు ఈ రోజే మానేస్తాను, ఒట్టు అంది. మా ఆయన మధ్యలోకి వచ్చి, పిల్ల ఇష్టంగా ఇస్తుంటే నీకేం వచ్చిందని నా మీదే కోప్పడ్డాడు. ఆయన కోపం నాకు తెలుసు, నేను పోతే ఆయనకు దిక్కు లేదు. బొమ్మల పుస్తకం గురించి వాళ్లతో ఎట్లా చెబుతాను? పిచ్చి పట్టిందంటారు.

"నా ఇష్టంతో ఇస్తాండా మా. నువ్వు సచ్చిపోతే నేను దీన్ని పెట్టుకోని ఏం జేయల్ల?" అంది శైలజ.

"నువ్వు ఇచ్చినాక నీకేమన్నా అయితే నేను లేచి యాడికి పోవల్ల?" అన్నాను.

అది లేచి వెళ్లి మాత్రల అట్ట తెచ్చి నా కళ్ల ముందే మురిక్కాలువలో విసిరేసింది. ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అసలు నాతో ఏ మాటా పెద్దగా ఎత్తలేదు.

ఉగాది దాటాక

ఇది చదివేవాళ్లు నన్ను చూసి నేర్చుకోవద్దు. ఇంట్లో ఎవరైనా ఇస్తామంటే, డాక్టరు సరేనంటే, తీసుకోండి. నేను కాదన్నది డాక్టరు చెప్పిన కారణంతో కాదు, నా భయంతో. ఆ భయం తప్పు కావచ్చు. నేను గొప్ప అమ్మను కూడా కాదు. దాహం ఎక్కువైన రోజున, ఇప్పుడైనా సరే అంటే పోలేదా అని నోటి దాకా వస్తుంది. పుక్కిలించి ఉమ్మేస్తాను. నిబ్బరంగా ఉండమని అందరూ చెబుతారు. నిబ్బరం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు. దుఃఖం నాకు అలవాటైంది, తగ్గలేదు.

బడి మానేశాను. ఆపా వస్తూనే ఉంది, వారంలో ఒక రోజైనా. పుస్తకం తేవద్దన్నాను, తేవడం లేదు. పోయిన నెల మిషను పని అయిపోతుంటే ఆమె ఒకటి చూసింది. చివర్లో నర్సమ్మ గొట్టాల్లో మిగిలిన రక్తాన్ని సెలైన్‌తో నెమ్మదిగా నాలోకే తోసేస్తుంది. ఎర్రటి గీత పలచబడుతూ నా చేతిలోకి వచ్చేస్తుంది, వెనక గొట్టం తెల్లబడుతుంది. "సూడు పద్దూ, మనం సదివినట్లే" అంది ఆపా. నేను చూశాను. అవును, అదొక్కటి వెనక్కి వస్తుంది. గొట్టంలో ఉన్నంత వరకే. ఆపా సంతోషంగా చెప్పింది కనుక నేనూ అవునన్నాను, నాకు సంతోషం కలగలేదు. కానీ అప్పటి నుంచి ప్రతిసారీ అది చూడకుండా కళ్లు తిప్పుకోలేకపోతున్నాను.

మిషను రోజున పొద్దున్నే బస్సుకు బయలుదేరుతాను. శైలజ మగ్గం ఆపి వచ్చి గడపలో నిలబడుతుంది, ఒక చెయ్యి తలుపు మీద వేసి. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తాను. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అదే గడపలో, చెయ్యి అదే తలుపు మీద. ముఖం చూస్తే పంపిస్తోందో ఎదురొచ్చిందో నాకు తెలియదు, రెండు పూటలా ఒక్కలాగే ఉంటుంది. నేను దగ్గరికి వచ్చాక పక్కకు జరిగి దారి ఇస్తుంది. చేతికి సగం గ్లాసు నీళ్లు అందిస్తుంది.

"కొంచెమే తాగు మా" అంటుంది.